పక్షవాతము: దాని చరిత్ర



ఈ పూట నేను చెప్పబూనినది యొక వ్యాధి చరిత్ర. రాజుల కథలును యుద్ధముల కథలును వినుటకు చెవికింపుగా నుండును. వ్యాధి కథ యట్లుండదు. అయినను పక్షవాత మెఱుగని గ్రామము మన దేశమున లేదు. ఏ వీథిలోనికి పోయినను, మంచముపై గోడ నానుకొని, ఒక చేయి ఒడిలో బెట్టుకొని, నోట మాట సరిగా రాక కన్నులతోనే పలుకరించు వృద్ధు డొక్కడైనను కనబడును. వృద్ధుడే యననేల? నలువది యేండ్లవారికిని ఇది వచ్చుచున్నది.

నేను వైద్యుడను గాను. పాత గ్రంథములు తిరుగవేయుట యలవాటుగా గలవాడను. మనుష్యు డీ వ్యాధిని ఎట్లు తెలిసికొనెనో, తెలిసికొన్న పిదప గూడ నెన్నాళ్లు చేతులు కట్టుకొని కూర్చుండవలసి వచ్చెనో, తుదకేమి చేయగలిగెనో, అది చెప్పెదను. గడచిన యేబది యేండ్లలో నీ విషయమున జరిగిన మార్పు వెనుకటి రెండువేల యేండ్లలో జరుగలేదు. ఆ వార్త పట్టణపు ఆస్పత్రులకు చేరినది గాని మన అరుగులమీది కింకను సరిగా చేరలేదని నా నమ్మకము.

ముందుగా పేరును విచారింతము. పక్షమనగా ప్రక్క. శరీరమున నొక ప్రక్క పడిపోవుటచేత మనవారు దీనిని పక్షవాతమనియు, పక్షఘాతమనియు, పక్షవధమనియు ననిరి. గ్రీకులు పెట్టిన పేరునకు కొట్టి పడవేయుట యని యర్థము. ఆంగ్లేయులు నేటికిని స్ట్రోకు అనుచున్నారు, అనగా దెబ్బ. నిలుచున్న మనుష్యుడు కంటికి కనబడని చేయి యేదో వచ్చి కొట్టినట్లు కూలుటను జూచి వారట్లనిరి. మన పేరు వ్యాధి మిగిల్చిన దానిని చెప్పుచున్నది. వారి పేరు వ్యాధి వచ్చిన తీరును చెప్పుచున్నది. రెండును నిజములే. అయితే వ్యాధి యెక్కడ పుట్టినదో యే పేరును చెప్పదు.

చరకసంహిత చికిత్సాస్థానమున వాతవ్యాధుల యధ్యాయములో దీని ప్రసక్తి గలదు. సుశ్రుతసంహిత యింకొక యడుగు ముందుకు వేసి, కేవల వాతమువలన వచ్చినది మిక్కిలి కష్టసాధ్యమనియు, అన్య దోషములతో గలిసి వచ్చినది సాధ్యమనియు, ధాతుక్షయమువలన వచ్చిన దసాధ్యమనియు విభాగించినది. గ్రీసు దేశమున హిపొక్రటీసు పేర వెలసిన గ్రంథములును ఇంచుమించుగా నిట్లే, తీవ్రముగా వచ్చినది కుదురదనియు, స్వల్పముగా వచ్చినదియు సులభముగా కుదురదనియు భావించినవి. ఈ మాటలను తేలికగా జూడరాదు. రోగి మంచము ప్రక్కను దినములకొలది కూర్చుండి చూచినవారు గాని యిట్లు చెప్పజాలరు. కష్టమెచ్చట ననగా, వారు బయటినుండి చూచిరి. వ్యాధి లోపల నున్నది. అరెటేయసు అను గ్రీకు వైద్యుడు మాత్రము, తలలో నొక ప్రక్కను దెబ్బతగిలినచో శరీరమున రెండవ ప్రక్క చెడునని గుర్తించి, నరములు దారిలో నొకదాని నొకటి దాటుకొని పోవుటయే దానికి కారణమని చెప్పెను. అది నిజమని నేటి శాస్త్ర మొప్పుకొనుచున్నది.

అటుపిమ్మట చాల శతాబ్దములు నిద్రలో గడచినట్లే గడచినవి. మేలుకొలిపినవాడు స్విట్జర్లండు దేశమున షాఫ్‌హౌజెన్ అను చిన్న పట్టణపు వైద్యుడు, యోహాన్ యాకోబ్ వెప్ఫర్. అంతకు మున్నే, 1628లో, ఇంగ్లండున హార్వే యను నాతడు నెత్తురు గుండెనుండి బయలుదేరి శరీరమంతయు తిరిగి మరల గుండెకే చేరునని స్థాపించియుండెను. వెప్ఫర్ దీనిని మనసున నుంచుకొని, దెబ్బతగిలినట్లు కూలి చనిపోయినవారి తలలను కోసి చూచెను. తలపై గాయము లేదు, ఎముక చెక్కుచెదరలేదు, అయినను మెదడులో నెత్తురు మడుగు కట్టియున్నది. మెదడునకు పోవు రక్తనాళములు మూసికొనిపోయినను ఇదే వ్యాధి పుట్టగలదని గూడ నాతడు చెప్పెను. ఈ సంగతులతో 1658లో గ్రంథము ప్రకటించెను.

అనగా వ్యాధి యొకటి కాదు, రెండు. మన రైతుల కీ భేదము విప్పి చెప్పనక్కఱలేదు. కాలువ పూడినను చేను చెడును, కాలువకు గండి పడినను చేను చెడును. గట్టున నిలిచి చూచువానికి చేను చెడుట యొక్కటే కనబడును. కాని చేయవలసిన పని వేఱు. పూడిన కాలువకు పూడిక తీయవలెను. గండి పడిన కాలువకు గండి కట్టవలెను. గండి పడిన చోట పూడిక తీయబోయినవాడు ఉన్న చేనును గూడ ముంచును. పక్షవాతములలో పెక్కు పాలు పూడికవలన వచ్చునవి. తక్కినవి గండివలన వచ్చునవి. ఈ ప్రసంగమున తక్కినదంత యీ యొక్క భేదము చుట్టును తిరుగును గనుక దీనిని మఱువవలదని ప్రార్థన.

ఆఱేండ్లు గడచిన పిమ్మట, 1664లో, ఇంగ్లండున థామస్ విల్లిస్ అను వైద్యుడు మెదడును గూర్చి గ్రంథము వ్రాసెను. మెదడు క్రిందిభాగమున రక్తనాళములు ఒకదానితో నొకటి కలిసి వలయముగా నేర్పడుటను చక్కగా వర్ణించెను. ఒక కాలువ పూడినను ప్రక్క కాలువనుండి నీరు తిరిగి వచ్చునట్లు ప్రకృతి చేసిన యేర్పాటది. అందువలననే కొందఱకు మెడలోని పెద్ద నాళ మొకటి మూసికొనిపోయినను జబ్బు తెలియకయే ప్రాణము నిలుచును. ఆ గ్రంథమునకు బొమ్మలు వ్రాసినవారిలో క్రిస్టొఫర్ రెన్ ఒకడు. తరువాత లండనులో సెంటుపాల్ దేవాలయమును కట్టించిన శిల్పి యాతడే. వైద్యగ్రంథమునకు శిల్పి బొమ్మలు వ్రాసిన కాలమది. ఆ కలయిక నాకు మిక్కిలి యిష్టమైనది.

ఇంత తెలిసినను ఫలమేమి? చచ్చినవాని తలను కోసినగాని యిది పూడికయో గండియో తెలియదు. బ్రతికియున్నవానికి రెండును ఒక్కటిగనే కనబడును: నోరు వంకరపోవును, చేయి పడును, మాట తడబడును. వైద్యు డేమి చేయగలడు? చేతనైనది నెత్తురు తీయుట. రక్తనాళము చీల్చి తీసిరి, జలగలు పట్టించి తీసిరి. ఉన్న నెత్తురే చాలక ప్రాణము పోవుచున్న మెదడునకు మఱికొంత నెత్తురు తగ్గించుట యెంతటి ఘోరమో తలచుకొనుడు. అయినను వెప్ఫర్ తరువాత రెండువందల యేండ్లకు గూడ నిదే వైద్యము.

దీనికి సాక్షి లూయీ పాశ్చరు. కుక్కకాటు మందు కనిపెట్టినవాడుగా నాతని పేరు మనలో పెక్కుమంది యెఱుగుదురు. 1868 అక్టోబరులో, నలువదియైదేండ్ల వయస్సున, ఆతనికి పక్షవాతము వచ్చి యెడమ చేయియు నెడమ కాలును పడిపోయినవి. వైద్యులు చెవుల వెనుక జలగలు పట్టించిరి. ప్రాణము దక్కునని యెవరును తలపలేదు. ఆతడు మాత్రము కొన్ని దినములకే మంచముమీదనుండి పట్టుపురుగుల వ్యాధిని గూర్చి చెప్పి వ్రాయించెను. కొన్ని నెలలలో ఆ పనికై దక్షిణ ఫ్రాన్సునకు తిరిగి పోయెను. కాలు ఈడ్చుటయు చేతి పట్టు తప్పుటయు జీవితాంతము మిగిలినవి. 1885లో పిచ్చికుక్క కఱచిన బాలునికి ప్రథమముగా టీకా వేయించినది ఆ చేయి పడిన మనుష్యుడే. 1895 వఱకు జీవించెను. పక్షవాతము వచ్చినవానిని మూల మంచమున పడవేసి, వాని మాట నిక లెక్కలోనికి దీసికొనని యిండ్లు మనలో గలవు. వారికి పాశ్చరు కథ చెప్పవలెను.

ఇక పూడికయు గండియు రానీయకుండ జేయుట యెట్లను విచారము మఱియొక దారిని నడచినది. 1733లో స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్లేయ క్రైస్తవాచార్యుడు, గుఱ్ఱపు రక్తనాళమునకు నిలువుగా గాజుగొట్టము తగిలించి నెత్తురు ఎనిమిదడుగుల మూడంగుళముల యెత్తునకు లేచుటను జూచి ప్రకటించెను. నెత్తురునకు తోపుడు గలదని కంటికి కట్టినట్లు చూపిన దది. మనుష్యునికి గొట్టము తగిలింప వీలులేదు. 1896లో ఇటలీ దేశమున రీవా-రోచ్చి యను నాతడు చేతికి గాలిపట్టీ చుట్టి కొలుచు సాధనము చేసెను. 1905లో రష్యా దేశపు వైద్యుడు కొరొట్కోవ్ ఆ పట్టీ క్రింద గొట్టము పెట్టి చప్పుడు విని, పై యంకెయు క్రింది యంకెయు తెలిసికొను విధానమును చెప్పెను. నేడు మన గ్రామములలో బి.పి. చూచుట యని యనునది యిదియే.

కొలుచుట వచ్చినది గాని కొలిచిన దానితో నేమి చేయవలెనో చాలకాలము తెలియలేదు. ఇరుకైన నాళములగుండ నెత్తురు పోవుటకు పోటు ఎక్కువగా నుండుటయే మేలని పెద్ద వైద్యులే నమ్మిరి. ఆ నమ్మక మెంత ఖరీదైనదో ప్రపంచమంతయు చూచుట కొక సంఘటన జరిగినది.

1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టును హోవర్డు బ్రూయెన్ అను యువ హృదయవైద్యుడు పరీక్షించెను. రక్తపుపోటు 186 మీద 108. గుండె బలహీనపడియున్నది. ప్రజలకు మాత్రము అధ్యక్షుడు ఆరోగ్యముగా నున్నాడనియే చెప్పిరి. విశ్రాంతి, ఉప్పు తగ్గించుట, గుండెకు డిజిటాలిసు మందు: అంతకు మించి నాటి వైద్యులయొద్ద నేమియు లేదు. ఆ యేటి నవంబరులో నాలుగవ పర్యాయ మెన్నికయ్యెను. 1945 ఫిబ్రవరిలో యాల్టాకు పోయి, చర్చిలుతోను స్టాలినుతోను కూర్చుండి ప్రపంచమును పంచు సమాలోచన జరిపెను. ఏప్రిలు 12వ తేదీని వార్మ్‌స్ప్రింగ్సు అను గ్రామమున, చిత్రకారిణి తన బొమ్మ వ్రాయుచుండగా, తల వెనుక భరింపరాని నొప్పియని చెప్పి యొరిగిపోయెను. అప్పటి పోటు 300 మీద 190. కొన్ని గడియలలో ప్రాణము పోయెను. వయస్సు 63. ఆ యంకెలన్నిటిని బ్రూయెన్ 1970లో ప్రకటించువఱకు లోకమున కవి తెలియవు.

యాల్టాలో కూర్చుండిన మువ్వురిలో మువ్వురును ఈ వ్యాధి వాతబడిన వారే యగుట చరిత్రలో నొక వింత. స్టాలిను 1953 మార్చిలో మెదడులో నెత్తురు చిమ్మి చనిపోయెను. అదే సంవత్సరము జూనులో చర్చిలునకు ప్రధానమంత్రిగా నుండగనే పక్షవాతము వచ్చినది. దానిని పత్రికలకెక్కనీయక దాచిరి. సైన్యములును, ధనమును, దేశమున మేటి వైద్యులును గలవారి గతి యది. నేడు మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున లభించు బిళ్ల నాడు అమెరికా అధ్యక్షునికి దొరకలేదు.

ఆ బిళ్లల చరిత్రలో మన దేశమునకును పాలు గలదు. సర్పగంధి వేరును మన వైద్యులు పిచ్చికిని నిద్రలేమికిని చిరకాలముగా వాడుచుండిరి. 1931లో గణనాథసేను, కార్తికచంద్ర బోసు అను వంగదేశీయు లిద్దఱు, ఆ వేరు రక్తపుపోటును గూడ తగ్గించునని పత్రికలో వ్రాసిరి. 1949లో బొంబాయి హృదయవైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన యనుభవమును ఇంగ్లండు పత్రికలో ప్రకటించిన పిమ్మట లోకము చెవియొగ్గినది. 1952లో స్విట్జర్లండువారు ఆ వేరునుండి రెసర్పిను అను సారమును వేఱుచేసిరి. తరువాత నంతకంటె మేలైన మందులు వచ్చుటచేత నేడు దాని వాడుక మిక్కిలి తగ్గినది. వేరు త్రవ్వుకొని యింట నూరుకొని త్రాగుమని నేను చెప్పుట లేదు. తూకము తప్పిన నది మనసును క్రుంగదీయును.

మందు పోటును తగ్గించుట వేఱు, ఆయువును నిలుపుట వేఱు. రెండవ మాట తేల్చినది 1967లో అమెరికాలో ఎడ్వర్డు ఫ్రైస్ నడిపిన పరీక్ష. పోటు మిక్కిలి హెచ్చుగా గల 143 మంది మాజీ సైనికులను రెండు భాగములు చేసి, 73 మందికి నిజమైన మందులను, 70 మందికి మందు లేని యుత్త బిళ్లలను ఇచ్చిరి. ఆ మందులలో రెసర్పిను ఒకటి. కొంతకాలమునకు ఉత్త బిళ్లలవారిలో 27 మందికి ఘోరమైన యుపద్రవములు వచ్చినవి. మందు తిన్నవారిలో ఇద్దఱికి. ఆ యంకెలు చూచినప్పుడు వెనుకటి వాదములన్నియు మూగవోయినవి.

ఉప్పు సంగతి చెప్పక ముందుకు పోలేను. 1940 ప్రాంతమున జర్మనీనుండి అమెరికాకు వలసవచ్చిన వాల్టరు కెంప్నరు అను వైద్యుడు, పోటు హెచ్చి చావునకు సిద్ధముగా నున్నవారికి వరియన్నము, పండ్లు, చక్కెర మాత్రమే పెట్టి, ఉప్పు కల్లయైన నిడక, కొందఱి పోటును ఆశ్చర్యముగా దించెను. వరియన్నమే మందగుట విని మనవారు సంతోషింపవచ్చును. ఆ యన్నములో ఆవకాయ లేదని గుర్తుంచుకొనవలెను. ఆ పత్యము నోటికి మన్నువలె నుండెనట, చాలమంది నిలువలేకపోయిరి. అయినను ఉప్పునకును పోటునకును గల సంబంధ మందుమూలమున పలువురి దృష్టికి వచ్చినది.

పెద్ద యెత్తున దీనిని ఆచరణలో పెట్టినది జపాను. 1951 మొదలుకొని ఇంచుమించుగా ముప్పది యేండ్లు ఆ దేశమున మరణకారణములలో పక్షవాతమే మొదటిది. ఉత్తరమున ఆకితా యను మండలమున నది మఱియు హెచ్చు. అది మంచు కురియు సీమ. చలికాలమంతయు ఉప్పునీట నూరబెట్టిన కూరలు, ఉప్పు చేపలు, ఉప్పు పులుసు తిని బ్రతుకు వరిసాగు రైతుల సీమ. మనకు వేసవిలో ఊరగాయ యెట్లో వారికి చలిలో అవి యట్లు. 1963లో ఇకావా యను పల్లెలో నొక ప్రయత్నము మొదలుపెట్టిరి. ఊరివారి నందఱిని పిలిచి యేటేట పోటు కొలిచిరి. హెచ్చుగా నున్నవారిని మందునకు పంపిరి. ఉప్పు తగ్గింపుడని యింటింట బోధించిరి. ఆ పని యంతగా జరుగని పొరుగూరితో పోల్చి చూడగా, ముఖ్యముగా పురుషులలో, ఇకావాలో పక్షవాతము త్వరగా తగ్గుముఖము పట్టినది. పెద్ద యంత్ర మేదియు లేదు. గాలిపట్టీ, బిళ్లలు, ఓపిక. మన గ్రామములు నేర్చుకొనదగిన పాఠ మేదైన నున్నచో నది లండనులో లేదు, ఇకావాలో నున్నది. దినమునకు మనిషికి ఉప్పు అయిదు గ్రాములకు లోబడి యుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది; అనగా నొక చెంచాడు, ఊరగాయయు పప్పును మజ్జిగయు అన్నిటిలోనిది గలిపి. చుట్ట, బీడి, సారాయి, మధుమేహము, ఇవియు నీ వ్యాధికి తలుపు తీయునవే. వాటినిగూర్చి మీరు వినని దేమియు నేను చెప్పజాలను.

పశువులను పెంచువారికి నచ్చు కథ యొకటి గలదు. 1920 తరువాత కెనడాలోను అమెరికా ఉత్తరభాగమునను ఆవులు చిత్రముగా చావజొచ్చినవి. కొమ్ము కోసినను, చిన్న గాయమైనను, నెత్తురు గడ్డకట్టక కాఱి కాఱి చచ్చెడివి. బూజుపట్టిన స్వీటుక్లోవరు అను గ్రాసము తినుటయే కారణమని పశువైద్యులు కనిపెట్టిరి. 1933 ఫిబ్రవరిలో, మంచు తుపానులో, విస్కాన్సిన్ రాష్ట్రపు రైతొకడు తన బండిలో చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురు నిండిన పాలడబ్బాను, ఒక మోపు చెడిన గ్రాసమును వేసికొని, దాదాపు రెండువందల మైళ్లు తోలుకొని వచ్చి కార్ల్ లింక్ అను రసాయనశాస్త్రజ్ఞుని యెదుట నిలిచెను. లింక్ ఏడేండ్లు శ్రమించి 1940 నాటికి ఆ గ్రాసములోని విషమును వేఱుచేసెను. దాని జాతిదే మఱొకటి 1948లో ఎలుకల మందుగా బజారునకు వచ్చినది; దానిపేరు వార్ఫరిన్. 1954 నుండి అదే మనుష్యులకు మందైనది. 1955లో గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు దాని నిచ్చిరి.

ఎలుకల మందు పక్షవాతమున కెట్లు పనికివచ్చుననగా, వృద్ధులలో కొందఱికిని, కీళ్లవాతపు జ్వరమువలన గుండె కవాటములు చెడినవారిలో కొందఱికిని, నాడి యెగుడుదిగుడుగా కొట్టుకొనును. గుండె పై గదులు సరిగా ముడుచుకొనక నెత్తురు నిలువయుండి గడ్డకట్టును. ఆ గడ్డ కదలి మెదడు కాలువలో పోయి యడ్డుపడును. అట్టివారికి వార్ఫరిన్ ఇచ్చినచో మూడు పాళ్ల యపాయములో రెండు పాళ్లు తగ్గునని 1990 ప్రాంతపు పరీక్షలలో తేలినది. నాడి పట్టి చూచుట మన వైద్యులకు తాతలనాటి విద్య. నాడి లయ తప్పినవారిని కనిపెట్టి ఆస్పత్రికి పంపినను ఒక యింటి దీపము నిలుచును. ఈ మందు తినువారు మాత్రము వైద్యుని పరీక్షలో నుండియే తినవలెను. ఎక్కువైన నావులకు పట్టిన గతియే పట్టును.

మరల మన మొదటి ప్రశ్నకు వత్తము. బ్రతికియున్నవాని తలలో పూడికయా గండియా యని చూచుట యెట్లు? 1927లో పోర్చుగల్ దేశపు వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెడ నాళములోనికి మందెక్కించి ఎక్స్‌రే పటమున నాళముల రూపు చూడగలిగెను. అది కష్టమైనది, అపాయముతో గూడినది. తుదకు 1971 అక్టోబరు 1వ తేదీని లండను సమీపమున వింబుల్డనులోని యాస్పత్రిలో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు అను ఇంజనీరు చేసిన యంత్రములో ఒక రోగి తలను పెట్టి, కత్తి తగిలింపకయే లోపలి మెదడును పొరలు పొరలుగా చూచిరి. సి.టి. స్కాను అనునది యిదే. ఆతడు పనిచేసిన కంపెనీ గ్రామఫోను రికార్డులమ్ము కంపెనీ. 1979లో ఆతనికి నోబెల్ బహుమానము వచ్చినది. క్రొత్తగా చిమ్మిన నెత్తురు ఆ పటములో తెల్లగా కనబడును. వెప్ఫర్ చచ్చినవారి తలలలో చూచినదానిని బ్రతికినవాని తలలో చూచుటకు పట్టిన కాలము 313 యేండ్లు.

భేదము తెలిసిన తరువాత మందు రావలెను గదా. 1995లో అమెరికాలో 624 మందిపై జరిపిన పరీక్షలో, పూడికను కరగించు మందును వ్యాధి వచ్చిన మూడు గంటలలోపల నరములోనికెక్కించిన, మూడు నెలల పిమ్మట లోపము లేకయో స్వల్పలోపముతోనో లేచి తిరుగువారి సంఖ్య మూడవ వంతువఱకు హెచ్చునని కనుగొనిరి. ఊరక వచ్చిన మేలు గాదు: మందు తీసికొన్నవారిలో నూటికి ఆఱుగురికి మెదడులో నెత్తురు చిమ్మినది, తీసికొననివారిలో నూటికొక్కనికి గూడ లేదు. అందుచేతనే ముందు స్కాను చూడక ఆ మందు ముట్టరాదు. 2008లో గడువును నాలుగున్నర గంటలకు పొడిగింపవచ్చునని తేలినది. 2015లో తొడ నాళమునుండి సన్నని తీగ పంపి, మెదడులోని పెద్ద గడ్డను లాగివేయు పద్ధతి నిలద్రొక్కుకొనినది. తగిన రోగులను ఏరుకొన్నచో నిరువదినాలుగు గంటలవఱకును అది పనికివచ్చునని 2018లో జూపిరి. గండి పడినవారికి ఇంతటి మంచి మందు ఇంకను రాలేదు. పోటును వెంటనే దించుట, కొందఱికి శస్త్రచికిత్స, మంచి పరిచర్య: ఇప్పటికి వారికున్న వివి.

గడువెందుకనగా, పెద్ద నాళము పూడినప్పుడు నిమిషమునకు 19 లక్షల నాడీకణములు చచ్చునని 2006లో నొక వైద్యుడు లెక్కగట్టెను. నీరందని నారు సాయంకాలమువఱకు నిలుచునేమో, మెదడు నిలువదు.

మా మేనమామగా రొక తెల్లవారుజామున పాలు పిదుకబోయి కొట్టమున కూలిరి. కుడి చేయి, మాట రెండును పోయినవి. ఆస్పత్రి పది కోసుల దూరమున నున్నది. ఇంటివారు దానికి వ్యతిరేకదిశలో ముప్పది కోసులు పోయి, తైలమర్దనమునకు పేరుపొందిన యొక వైద్యునియొద్ద దింపిరి. అక్కడ పసరు పోసిరి. పావురమును కోసి నెత్తురు పూసిరి. మూడు దినములు స్నానము వలదనిరి. నాలుగవ దినమున ఆస్పత్రికి చేర్చగా, డాక్టరుగారు పటము చూచి, ఇది పూడిక, మొదటి పూటనే తెచ్చియుండిన మందెక్కించెడివారమని చెప్పిరి. ఆయన తొమ్మిదేండ్లు మాటలేక జీవించిరి. ఆ తైలవైద్యుని పేరు నేడును ఆ చుట్టుపట్ల మ్రోగుచునే యున్నది. ఎందుకు మ్రోగదు? పక్షవాతము వచ్చినవారిలో కొందఱికి ఏ మందు లేకున్నను కొన్ని వారములలో కాలుసేతులు కొంత తిరిగివచ్చును. వచ్చినవారు పసరును పొగడుదురు. రానివారు కర్మమని యూరకుందురు. లెక్క వ్రాయువా డెవడును లేడు.

కావున పెద్దలుగా మీరు చూడవలసినవి చెప్పెదను. ఉన్నట్లుండి ముఖము వంకరపోవుట, రెండు చేతులెత్తుమన్న నొకటి దిగజాఱుట, మాట ముద్దయగుట, వీనిలో నొకటి కనబడినను అది పక్షవాతమే యని యెంచవలెను. ఒక కన్ను చూపు పోవుట, నడక తూలుట, ఎన్నడును లేనంత తలనొప్పి హఠాత్తుగా వచ్చుట గూడ కావచ్చును. వచ్చి కొలది నిమిషములలో పోయినను నిర్లక్ష్యము చేయరాదు. అది రాబోవు పెద్ద దెబ్బకు ముందు నడచు దూత. నోట నీరుగాని, కాఫీగాని, మాత్రగాని పోయరాదు; మ్రింగు శక్తి పోయినవానికి అది యూపిరితిత్తులలోనికి పోవును. ఆస్పిరిను బిళ్ల గుండెపోటునకు మంచిదని విని యిచ్చువారు గలరు. గండి పడినవానికి అది విషము, పటము చూడక యీయరాదు. పోటు దించుటకని ప్రక్కింటివారి బిళ్ల వేయరాదు. ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టి, గడియారము చూచి, కడపటిసారి మంచిగా నున్న వేళ యేదో గుర్తుపెట్టుకొనవలెను. ఆస్పత్రివారు మొదట నడుగునది ఆ వేళయే. రాత్రి నిద్రలో వచ్చినచో, పండుకొనిన వేళ చెప్పవలెను.

2005 ఆగస్టు 15వ తేదీని హైదరాబాదున మొదలైన 108 బండి నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను తిరుగుచున్నది. అయితే బండి యే యాస్పత్రికి పోవలెనను ప్రశ్న మిగిలియున్నది. స్కాను యంత్రము లేని చోట దింపిన నక్కడనుండి మరల బయలుదేరవలెను. ఆ లోపల గడువు దాటును. మీ యూరికి దగ్గఱగా, రాత్రివేళ గూడ తల స్కాను తీయు యాస్పత్రి యేది, పూడిక కరగించు మం దచట ఎక్కింతురా, దారి యెంతసేపు పట్టును, ఈ మూడును ఇప్పుడే విచారించి, రచ్చబండ దగ్గఱి గోడమీద, అందఱును చదువునట్లు పెద్ద యక్షరములతో వ్రాయించుడు.